చేతులు జోడించిన రాజు

హోసూరు నుంచి రాయకోటకు పోయే దారిలో ఉంది ఉద్దనపల్లి. ఈ చుట్టుపక్కల రాజుల పేర్లకు కొదువ లేదు. రాయకోట అంటే రాయల కోట. కృష్ణగిరి పేరులో ఉన్నది శ్రీకృష్ణదేవరాయలేనని ఇక్కడివాళ్ళు తరతరాలుగా చెప్పుకుంటున్నారు. కుందాణి 13వ శతాబ్దం రెండో సగంలో హొయసల రామనాథుడికి రాజధాని. ఆ తర్వాత విజయనగర రాయలు, మైసూరు ఒడయార్లు, హైదరాలీ, టిపూ వరసగా ఈ మట్టి మీద శిస్తు వసూలు చేసుకున్నారు. కొండలకు కోటలు కట్టారు, చెరువులు తవ్వించారు, గుళ్ళకు మాన్యాలిచ్చారు. అంత చేసినవాళ్ళలో ఒక్కరైనా తన నిలువెత్తు బొమ్మను ఈ దారుల కూడలిలో దిమ్మె మీద నిలబెట్టుకోవాలని అనుకోలేదు. రాజు విగ్రహం అనగానే ఇవాళ మన కళ్ళ ముందుకొచ్చేది సరిగ్గా అలాంటి బొమ్మే కాబట్టి, ఈ లేమికి ఏదో కారణం ఉండాలి.

హోసూరు నుంచి బెంగళూరు నలభై కిలోమీటర్లు. ఆ ఊరి విమానాశ్రయం దగ్గర 2022 నవంబరు 11న కెంపేగౌడ కంచు విగ్రహాన్ని ఆవిష్కరించారు. ఎత్తు 108 అడుగులు. 98 టన్నుల కంచు, 120 టన్నుల ఉక్కు పట్టింది. చేతిలో ఉన్న కత్తి ఒక్కటే 4 టన్నులు. కెంపేగౌడ విజయనగరానికి సామంతుడు, 1537లో బెంగళూరు కోట కట్టించినవాడు. తెలుగువాళ్ళకు మరీ పరాయివాడేం కాదు, ఆయన పేరున తెలుగులో ‘గంగాగౌరీ విలాసం’ అనే యక్షగానం కూడా ఉంది. ఈయనకే పాత లోహ విగ్రహం ఒకటి శివగంగ కొండ మీద గంగాధరేశ్వరుడి గుళ్ళో ఉంది. అందులో ఆయన మామూలు మనిషిలా చేతులు జోడించి నిలబడి ఉంటాడు. మనిషి ఒక్కడే, బొమ్మలు రెండు. ఒకటి దేవుడి వైపు చూస్తుంది, ఇంకొకటి విమానం దిగి వచ్చేవాళ్ళ తలల మీదుగా ఎక్కడికో చూస్తుంది. నా వాదమంతా ఈ రెండు చూపుల మధ్య ఉంది. తెలుగు పలికిన రాజుల కొలువుల్లో, వాళ్ళ నీడలో బతికిన సామంతుల కొలువుల్లో, రాజు తన బొమ్మను నలుగురి కంటపడేలా పెట్టించుకున్నప్పుడు దేవుడి ఎదుట నిలబడ్డ భక్తుడిగా పెట్టించుకున్నాడు. తన అధికారాన్ని ఆ భంగిమతోనే చెప్పుకున్నాడు. దిమ్మె ఎక్కిన రాజు చెన్నపట్నం రేవులో దిగిన సరుకు. ఇవాళ రాయల పేరిట మనం నిలబెడుతున్న బొమ్మలకు ముఖం రాయలది, ఒడ్డూ పొడుగూ మాత్రం దొరలవి.

ముందు తిరుమలతో మొదలుపెట్టాలి. మహాద్వారం దాటి లోపల అడుగుపెట్టగానే కుడి చేతి పక్కన ఒక మండపం ఉంది. ప్రతిమా మండపమనీ కృష్ణరాయ మండపమనీ అంటారు. అందులో రాగి రేకును సాగగొట్టి చేసిన మూడు విగ్రహాలున్నాయి. నడుమ కృష్ణదేవరాయలు, ఇరుపక్కలా తిరుమలదేవి, చిన్నాదేవి. ముగ్గురూ చేతులు జోడించి ఉంటారు. వాళ్ళెవరో ఊహించే పని లేకుండా భుజాల మీద పేర్లు చెక్కి ఉన్నాయి. రాయలు తలకు పొడుగాటి కుళ్ళాయి పెట్టుకున్నాడు. ఈ కుళ్ళాయిని కాస్త ఆగి చూడాలి. అది సుల్తానుల కొలువుల నుంచి విజయనగరానికి వచ్చిన దర్బారు వేషం. కొలువులో రాజు, మన్నెగాళ్ళు, కవులు అందరూ పెట్టుకున్నది. ఒంటి మీద పైబట్ట లేకుండా దేవుడి ముందుకు వచ్చినవాడు కుళ్ళాయి మాత్రం తీయలేదు. తాను రాజునన్న సంగతి దాచుకోలేదన్నమాట. రాజుగా వచ్చాడు, రాజుగానే చేతులు జోడించాడు. 1513 నుంచి 1521 లోపల రాయలు ఏడుసార్లు తిరుమలకు వచ్చినట్టు శాసనాలు చెబుతున్నాయి. 1514లో ఉదయగిరి గెలిచాక స్వామికి ముప్పై వేల బంగారు నాణేలతో కనకాభిషేకం చేయించాడు. ఆనంద నిలయం విమానానికి బంగారు పూత పెట్టించాడు. ఇంత ఇచ్చినవాడికి తన బొమ్మను ఇంకాస్త దర్జాగా, ఏ ఏనుగు మీదో పెట్టించుకోవడానికి డబ్బు లేకనా? ఆయన తర్వాతివాళ్ళూ ఇదే బాట పట్టారు. అచ్యుతరాయలు, వరదాంబిక రాతి బొమ్మలయ్యారు. వేంకటపతిరాయలు రాగి బొమ్మయ్యాడు. అందరివీ జోడించిన చేతులే. విజయనగరం పోయాక ఆర్కాటు నవాబు కొలువులో పనిచేసిన తోడరమల్లు కూడా తల్లితో, భార్యతో కలిసి అదే గుళ్ళో అదే తీరున నిలబడ్డాడు. రాజ్యం మారినా, ఏలినవారి మతం మారినా బొమ్మ భంగిమ మారలేదంటే దాన్ని ఒక రాజు సొంత వినయం కింద జమ కట్టలేం. అది ఈ నేల మీద అధికారం మాట్లాడిన వ్యాకరణం.

ఈ వ్యాకరణాన్ని నిండుగా రాసినవాళ్ళు మదుర నాయకులు. తమిళనేలను ఏలిన తెలుగు ప్రభువులు వాళ్ళు. తిరుమల నాయకుడు (1623–1659) మీనాక్షి గుడి తూర్పు గోపురానికి ఎదురుగా పుదుమండపం కట్టించాడు. మూడు వందల అడుగుల పైచిలుకు పొడవు, 124 స్తంభాలు. వసంతోత్సవానికి దేవుడు బయటికి వచ్చి నడుమ ఉన్న పీఠం మీద కొలువుదీరతాడు. ఆ నడవకు అటూ ఇటూ స్తంభాలకు విశ్వనాథ నాయకుడి నుంచి తిరుమల నాయకుడి దాకా పది మంది పాలకుల విగ్రహాలు నిలువెత్తున చెక్కి ఉన్నాయి. పక్కన రాణులు, పరివారం. చేతులు జోడించే ఉన్నాయి. ఒక వంశం మొత్తం వరస కట్టి నిలబడి, ఏడాదికి ఒకసారి వచ్చే అతిథి కోసం కాచుకుని ఉన్నట్టు ఉంటుంది. ఈ బొమ్మలను జనం ఎంత అచ్చమైనవిగా నమ్మారో చెప్పే కథ ఒకటి మదురలో ఉంది. రాణి బొమ్మ తొడ మీద పెచ్చు లేచిపోయి మచ్చ పడిందట. మంత్రి నీలకంఠ దీక్షితులు అలాగే ఉండనిమ్మన్నాడట. రాణికి అక్కడ నిజంగానే మచ్చ ఉండటంతో రాజు అనుమానపడ్డాడట. కళ్ళు తీయిస్తాడని తెలిసి దీక్షితులు కర్పూర హారతితో తన కళ్ళు తానే కాల్చుకున్నాడట. కథను కథగానే తీసుకుందాం. అయినా ఆ బొమ్మలు మూసపోత భక్తుల బొమ్మలని కాకుండా, ఫలానా మనుషుల పోలికలని నమ్మితేనే ఇలాంటి కథ పుడుతుంది. తర్వాతి కాలంలో ఆ మండపంలో దర్జీలు కుట్టుమిషన్లు వేసుకున్నారు, పుస్తకాల కొట్లు, గాజుల కొట్లు వెలిశాయి. ఇటీవల వాటిని వేరే చోటికి తరలించేదాకా రాజుల కాళ్ళ దగ్గరే బేరాలు సాగాయి. దిమ్మె మీది విగ్రహం దగ్గర అలాంటి చనువు కుదరదు.

ఇక్కడ చరిత్ర తెలిసినవారు అడ్డుపడతారు. రాజు బొమ్మ ఈ దేశానికి కొత్తా? జున్నారు దగ్గర నానేఘాట్ గుహలో శాతవాహనుల కుటుంబం మొత్తం పేర్లతో సహా నిలబడి ఉండేది కదా? సిముకుడు, నాగనిక, శాతకర్ణి అంటూ చీటీలు రాసినట్టు పైన శాసనం ఉంది. కింద ఇప్పుడు పాదాల ఆనవాళ్ళు తప్ప ఏమీ మిగల్లేదు. పైగా అది గుడి కాదు, రేవుల నుంచి సరుకు ఎక్కివచ్చే కనుమ దారి. ఈ ఆక్షేపణ బలమైనదే, ఒప్పుకుంటాను. నడిచే బాటసారులకు కనబడేలా రాజకుటుంబాన్ని నిలబెట్టిన ఉదాహరణ అది. అయితే అదే గుహలో నాగనిక శాసనం ఎలా మొదలవుతుందో చూడాలి. ధర్ముడికి, ఇంద్రుడికి, సంకర్షణ వాసుదేవులకు, చంద్రసూర్యులకు, దిక్పాలకులకు నమస్కారాలతో మొదలై, చేసిన యజ్ఞాలు, ఇచ్చిన దక్షిణలు లెక్కపెడుతుంది. అక్కడ కూడా రాజును పరిచయం చేసేది దేవతల జాబితా తర్వాతే. కలబురగి జిల్లా కనగనహళ్ళిలో అశోకుడి బొమ్మ దొరికింది, ‘రాయో అశోకో’ అని పేరుతో సహా. అది ఉన్నది బౌద్ధ స్తూపం మీద. శాతవాహనులు వెండి నాణేల మీద తమ ముఖాలు అచ్చు వేసుకున్నది కూడా నిజమే. ఆ మోజు పొరుగున ఉన్న క్షత్రపుల నాణేలను చూసి పట్టుకున్నది, ఆ వంశంతోనే పోయింది. భాసుడి ‘ప్రతిమా నాటకం’లో భరతుడు దారిలో ఒక విగ్రహాల ఇంటికి వెళ్ళి, అక్కడ తండ్రి బొమ్మ చూసి ఆయన చనిపోయాడని తెలుసుకుంటాడు. రాజు ఒంటరి బొమ్మ కనబడిందంటే రాజు లేడని అర్థం. బతికున్న రాజు బొమ్మకు పక్కన దేవుడు ఉండాల్సిందే.

రెండో ఆక్షేపణ ఇంకా సూటిగా ఉంటుంది. రాయలు అంత ఒదిగి ఉండే మనిషైతే పొట్నూరులో జయస్తంభం ఎందుకు నాటించాడు? హంపీలో మహర్నవమి దిబ్బ ఎందుకు? గర్వం లేదని నేను అనడం లేదు, గర్వానికి ఏ రూపం ఇచ్చారన్నదే ప్రశ్న. కళింగం మీద గెలుపుకు గుర్తుగా పాతిన స్తంభానికి అక్షరాలున్నాయి గాని ముఖం లేదు. అదే దండయాత్రలో సింహాచలం వెళ్ళి అప్పన్నకు నగలిచ్చి శాసనం వేయించాడు. మహర్నవమి దిబ్బ రాజు వైభవానికి కట్టిన వేదికే. దాన్ని 1520 ప్రాంతంలో చూసిన పోర్చుగీసువాడు దొమింగో పేస్ చాలా వివరంగా రాసిపెట్టాడు. ఆ పండగ రోజుల్లో సింహాసనం మీద పూల మధ్య చిన్న బంగారు విగ్రహాన్ని ఉంచుతారని ఆయనే చెప్పాడు. అంతఃపురం లోపల ఒక వాకిలి దగ్గర రాయలవీ ఆయన తండ్రివీ ప్రాణం ఉట్టిపడే చిత్తరువులు చూశానని కూడా రాశాడు. అంటే పోలిక పట్టి బొమ్మ వేయగల పనివాళ్ళున్నారు, వేయించుకోవాలన్న ముచ్చటా ఉంది. ఆ ముచ్చట ఇంటి లోపల తీర్చుకున్నారు. వీధిలోకి వచ్చేసరికి లెక్క వేరు. ఓరుగల్లు కాకతీయులు కట్టిన కీర్తి తోరణాలు చూడండి. అంత నిటారు రాతి తోరణాల మీద గణపతిదేవుడి ముఖం గాని రుద్రమదేవి ముఖం గాని లేదు. అవి స్వయంభూ శివుడి గుడికి నాలుగు దిక్కులా నిలిచిన వాకిళ్ళు. గుడి కూలిపోయి తోరణాలు మిగిలాయి కాబట్టి మనకు అవి రాజుల స్మారకాల్లా కనబడుతున్నాయి.

నాణేలు, సంతకాలు చూస్తే ఇంకా తేటపడుతుంది, ఎందుకంటే రాజు జనానికి రోజూ తగిలేది అక్కడే. విజయనగర రాజులు తామ్రశాసనాల చివర సొంత పేరుతో కాక ‘శ్రీ విరూపాక్ష’ అని దేవుడి పేరుతో చేవ్రాలు చేసేవారు. ఉదయగిరి నుంచి బాలకృష్ణుడి విగ్రహాన్ని హంపీకి తెచ్చి గుడి కట్టించిన రాయలు, తన బంగారు నాణెం మీద ఆ బాలకృష్ణుడినే ముద్ర వేయించాడు. వెనక వైపు తన పేరు ఉంది, ముఖం లేదు. వేంకటపతిరాయల నాటికి ఆ చోటు వేంకటేశ్వరుడిదైంది. కుంపిణీ వారు కూడా చాలాకాలం మొగలు పాదుషా పేరు పారసీ అక్షరాల్లో వేసే రూపాయలు కొట్టారు. 1835లో ఇంగ్లాండు రాజు విలియం తలకాయతో రూపాయి వచ్చింది. శాతవాహనుల తర్వాత ఇన్ని వందల ఏళ్ళకు తెలుగు రైతు అరచేతిలో, దేవుడు పక్కన లేని రాజు ముఖం ఒంటరిగా పడింది అప్పుడే. దిమ్మె మీది విగ్రహం కూడా సరిగ్గా ఆ రోజుల్లోనే దిగింది.

ఆ కథలో మన సీమకు ఒక పాత్ర ఉంది. 1791లో ఇంగ్లీషువారు రాయకోటను పట్టుకున్నారు. 1792లో టిపూ శ్రీరంగపట్నం సంధి కింద కృష్ణగిరి చుట్టూ ఉన్న బారామహలు సీమను వదులుకున్నాడు. దాన్ని చక్కదిద్దడానికి కెప్టెన్ అలెగ్జాండర్ రీడ్‌ను పంపించారు. ఆయన కింద సహాయకుడిగా వచ్చిన కుర్ర అధికారి థామస్ మన్రో 1799 దాకా ఈ పల్లెల్లో పొలాలు కొలిపించి రైతువారీ పద్ధతి నేర్చుకున్నాడు. తర్వాత దత్తమండలానికి వెళ్ళాడు, మద్రాసు గవర్నరయ్యాడు, 1827లో పత్తికొండ దగ్గర కలరాతో పోయాడు. ఆయన రాజు కాడు. అయినా చందాలు పోగుచేసి లండన్‌లో ఫ్రాన్సిస్ చాంట్రీ చేత గుర్రం మీద కూర్చున్న పెద్ద కంచు విగ్రహం పోయించి, 1839లో చెన్నపట్నం ఐలాండ్ మైదానంలో పెట్టారు. ఆ గుర్రానికి జీను లేదు, రికాబులు లేవు. శిల్పి మరచిపోయాడని ఊళ్ళో నవ్వుకున్నారు. ఎత్తైన దిమ్మె, చుట్టూ ఖాళీ, పక్కన దేవుడూ లేడు పరివారమూ లేదు. దత్తమండలంలో జనం ఆయన్ని గుర్తుపెట్టుకున్న తీరు వేరు. పిల్లలకు మన్రోలప్ప, మన్రోలమ్మ అని పేర్లు పెట్టుకున్నారు. పాలకుడికి జనం కట్టిన స్మారకం అది. కంచు విగ్రహం మద్రాసు పెద్దలు కట్టినది. తర్వాత రాణి వంతు వచ్చింది. 1887 స్వర్ణోత్సవానికి విక్టోరియా విగ్రహాన్ని బోహెం అనే శిల్పి చేత చేయించి మద్రాసుకు బహూకరించినవాడు విశాఖపట్నం తెలుగు జమీందారు గోడే నారాయణ గజపతిరావు. సెనేట్ హౌసు ఆవరణలో పెట్టారు. ఆ రాణి ఏనాడూ ఈ దేశంలో అడుగుపెట్టలేదు. హోసూరుకు దగ్గరలో ఉన్న రాణి విగ్రహం బెంగళూరు కబ్బన్ పార్కులోది. జనం చందాలకు మైసూరు మహారాజు సొమ్ము కలిపి, థామస్ బ్రాక్ చేత చేయించి, 1906 ఫిబ్రవరి 5న ఆవిష్కరించారు. 11 అడుగుల పాలరాతి బొమ్మ, దాని కింద 13 అడుగుల దిమ్మె. బొమ్మ కంటే దిమ్మె ఎత్తు. ఇక్కడ గజపతిరావు చేసిన పనిని గమనించాలి. రాయల కాలంలో ఒక పాళెగాడు తన బొమ్మను దేవుడి ముందు పెట్టించుకునేవాడు. 1887లో ఒక జమీందారు తనకు విధేయత ఉందని చూపించడానికి ఏలిక బొమ్మను తన డబ్బుతో పెట్టించాడు. చేతులు జోడించిన మనిషి విగ్రహంలోంచి జారిపోయి దాత అయ్యాడు, దేవుడి చోట రాణి కూర్చుంది.

స్వరాజ్యం వచ్చాక బొమ్మలు మారాయి, దిమ్మెలు మారలేదు. హైదరాబాదు టాంక్‌బండ్ మీద 1980ల్లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం తెలుగు ప్రముఖుల విగ్రహాల వరస నిలబెట్టింది. అందులో కృష్ణదేవరాయలూ ఉన్నాడు. ‘తెనాలి రామకృష్ణ’ (1956), ‘మహామంత్రి తిమ్మరుసు’ (1962) సినిమాల్లో రాయల వేషం కట్టినవాడే ముఖ్యమంత్రిగా రాయల విగ్రహం పెట్టించడం తెలుగు చరిత్రకే చెల్లింది. ఆ తర్వాత రాయల బొమ్మ అంటే రాగి రేకు విగ్రహం కంటే ఆ వెండితెర రాయలే మనసులో మెదిలే స్థితి వచ్చింది. 2011 మార్చి 10న తెలంగాణ ఉద్యమకారుల మిలియన్ మార్చ్ రోజున టాంక్‌బండ్ విగ్రహాలు కొన్ని కూలినప్పుడు రాయలదీ కూలింది. దాన్ని ఎవరు ఏ వైపు నుంచి చూసినా, కూల్చడానికి వీలైన అర్థం దానికి ఉందన్నది మాత్రం ఒప్పుకోవాలి. కూడలిలో దిమ్మె ఎక్కినవాడు ఎవరి మీదనో ఎక్కినట్టే చూసేవారికి తోస్తుంది. తిరుమలలో నిలబడ్డవాడి మీద ఆ కోపం రావడానికి తావు లేదు. అతను అందరితో పాటు లైనులో ఉన్నాడు.

లైను అన్న మాట తేలిగ్గా అనేశాను గాని, ఈ వాదానికి అతి కష్టమైన ఆక్షేపణ అక్కడే ఉంది. ఆ లైనులోకి ఎవరిని రానిచ్చారు? చేతులు జోడించిన రాజు ఎంత గొప్ప ఆలోచనైనా, ఆయన గుడి గోడల లోపల ఉన్నాడు. మదురలో 1939 జులై 8న వైద్యనాథ అయ్యర్ దళితులను వెంటబెట్టుకుని లోపలికి వెళ్ళేదాకా ఆ గుడి వాళ్ళకు మూసే ఉంది. మద్రాసు రాష్ట్రం మొత్తానికి ఆలయ ప్రవేశ చట్టం 1947లో గాని రాలేదు. రాజు ప్రజలతో సమానంగా నిలబడ్డాడని నేను అంటే, ఏ ప్రజలతో అని అడిగే హక్కు వాళ్ళకు ఉంది. కూడలిలోని దిమ్మె ఎవరినీ అలా బయట ఆపదు. దాన్ని ఎవరైనా చూడొచ్చు, ఎవరైనా దాని కింద నీడకు కూర్చోవచ్చు. దొరలు తెచ్చిన ఆ దిమ్మెనే ఎక్కి అంబేడ్కర్ ప్రతి పేటలో రాజ్యాంగం పట్టుకుని నిలబడ్డాడు. ఆ బొమ్మను గుడి భాషలో చెప్పడం కుదరదు, చెప్పాల్సిన అవసరమూ లేదు. కాబట్టి పాత పద్ధతి మంచిది, కొత్తది చెడ్డది అని తీర్పు చెప్పడానికి నేను సాహసించను. వినయం కూడా రాజకీయమేనని మొదటే ఒప్పుకున్నాను. మహాద్వారం పక్కన చేతులు జోడించి నిలబడినవాడు దేవుడికి అందరికంటే ముందు నేనున్నానని చెబుతున్నాడు. దిమ్మె మీది రాజు మీకంటే ఎత్తున ఉన్నానని చెబుతాడు. చిక్కెక్కడంటే, ఇవాళ రాయల బొమ్మలు పెట్టేవాళ్ళు రెండోదాన్ని మొదటిదిగా పొరపడుతున్నారు. మన వారసత్వం అంటూ మనం పైకెత్తేది విక్టోరియా వారసత్వాన్ని.

ఉద్దనపల్లి చుట్టూ ఉన్న పొలాల్లో, చెరువు కట్టల మీద మూడో దారి ఒకటి ఎప్పటినుంచో ఉంది. అవే వీరగల్లులు, పోరులో చనిపోయినవాడి పేర నిలిపే రాళ్ళు. కృష్ణగిరి, ధర్మపురి సీమలు వీటికి పెట్టింది పేరు. కృష్ణగిరి మ్యూజియంలోనూ కొన్ని భద్రపరిచారు. మామూలుగా రాతిని అడ్డంగా మూడు అరలుగా చెక్కుతారు. కింద అరలో పోరాటం, నడిమి అరలో వీరుణ్ణి అప్సరసలు ఎత్తుకుపోవడం, పై అరలో వీరుడు కైలాసంలో కూర్చోవడం. శాసనం ఉంటే అది రాజు పేరుతోనే మొదలవుతుంది. ఫలానా రాజు ఏలుబడిలో ఇన్నో ఏట, ఫలానా ఊరి ఆవుల మందను ఫలానావాళ్ళు తోలుకుపోతుంటే, ఫలానావాడు అడ్డుపడి మందను విడిపించి చనిపోయాడు అన్నది దాని నడక. రాజు పేరు అక్కడ పంచాంగం పని చేస్తుంది, తేదీ చెప్పి పక్కకు తప్పుకుంటుంది. బొమ్మ మాత్రం ఆవుల కోసం చచ్చినవాడిది. గుడి లోపల కాదు, పొలం గట్టున, ఎవరికైనా కనబడేలా. ఈ సీమలో కొన్ని చోట్ల ఆ రాళ్ళనే వేడియప్పన్ అని పిలిచి పొంగలి పెట్టి మొక్కుతారు. శాసనంలో రాజెవరో మొక్కేవాళ్ళకు పట్టదు, చదవడం వచ్చినవాళ్ళూ తక్కువే. వీరగల్లు రాజు స్మారకం కాదు కదా, దాన్ని ఈ లెక్కలోకి ఎలా తెస్తావని అడగవచ్చు. రాజు పేరు రాతి మీద మొదట ఉండి కూడా రాజు బొమ్మ లేకపోవడమే నేను చూపించాలనుకున్నది. పల్లె తన సొంత ఖర్చుతో రాయి నిలబెట్టినప్పుడు ఎవరి ముఖం చెక్కించిందో, ఎవరి పేరు తారీఖుకు వాడుకుందో అక్కడ తెలిసిపోతుంది.

జోడించిన చేతులు పోలేదు. హోసూరు నుంచి రాయకోట దాకా ఏ ఎన్నికల కాలంలో చూసినా బస్టాండ్ల దగ్గర, కూడళ్ళలో వరసగా ఫ్లెక్సీలు. తమిళంలో ఒకటి, తెలుగులో ఒకటి, కన్నడంలో ఒకటి. ప్రతిదాంట్లో నాయకుడు చేతులు జోడించి ఉంటాడు. తిరుమలలో రాయలు పెట్టిన దండమే, మదురలో నాయకులు పెట్టిన దండమే. ఆ దండం ఇప్పుడు గర్భగుడి వైపు తిరిగి లేదు, రోడ్డు దాటేవాళ్ళ వైపు తిరిగి ఉంది. బొమ్మ రెండు వారాలకు చిరిగిపోయే ప్లాస్టిక్ మీద ఉంది, కొలత మాత్రం మనిషి కంటే నాలుగింతలు. దేవుడి చోట ఓటరున్నాడు, దిమ్మె చోట కర్రల చట్రం ఉంది. రాగి రేకును పోలిక తప్పకుండా సాగగొట్టిన కంచరి పేరు ఎవరికీ తెలియదు. ఫ్లెక్సీ అడుగున మాత్రం ముద్రించిన కొట్టువాడి పేరు, ఫోను నంబరు ఉంటాయి.